ఐదు రోజుల సేవ, ఆరు రోజుల షికారు

ముందే చెప్పేస్తున్నా, ఇది చదివాక నన్ను తిట్టేవాళ్ళలో మొదటివాళ్ళు నాతోబాటు వియత్నాం వచ్చినవాళ్ళే అయ్యుంటారు. తిట్టనివ్వండి. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను, ఇక నావల్ల కాదు. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, నేను ఒడ్డున కూర్చుని రాళ్ళేస్తున్నవాణ్ణి కాను. డబ్బు కట్టి, టీషర్టు వేసుకుని, గ్రూప్ ఫొటోలో ముందు వరసలో పళ్ళికిలిస్తూ నించున్నవాణ్ణే.

సంగతేంటంటే, 2025 మార్చిలో మా ఆఫీసు జనం, వాళ్ళ స్నేహితులు కలిసి పద్నాలుగు మందిమి డాలస్ నుంచి వియత్నాంకి మెడికల్ మిషన్ మీద వెళ్ళాం. మిషన్ అనగానే కొందరికి మతం గుర్తొస్తుంది. ఆ గొడవ ఇక్కడ లేదు, ఎవరూ ఎవరికీ ఏమీ బోధించలేదు. ఇద్దరు డాక్టర్లు, ఒక డెంటిస్టు, ముగ్గురు నర్సులు, మిగతా ఎనిమిది మందీ నాలాగా అటూ ఇటూ కాని బాపతు. మొదటి ఐదు రోజులూ క్వాంగ్ ట్రి ప్రావిన్సులో ఒక పల్లెలో ఉచిత వైద్య శిబిరం. ఆ తర్వాత ఆరు రోజులు టూరు: హ్యూ, హోయి ఆన్, మీ సోన్, సైగాన్, కు చి. నన్ను ఇందులోకి లాగింది మా టీమ్ లీడ్. తెలుగాయనే, అన్నా అని పిలుస్తాను. "తమ్ముడూ, పుణ్యానికి పుణ్యం, పురుషార్థానికి పురుషార్థం" అన్నారు. నేనూ ఎగేసుకుంటూ బయల్దేరాను.

టూరు మొదలైన రోజే మా బస్సులో ఒక చర్చ. సేవకని వచ్చి ఇలా సరదాగా తిరగడం తప్పు కాదా అని ఒకావిడ బాధపడింది. ఐదు రోజులు ఒళ్ళు వంచి పని చేశాం, ఈ మాత్రం సరదాకి మనం అర్హులమే అని మిగతావాళ్ళు ఆవిడకి సర్దిచెప్పారు. నేనంటాను, ఇద్దరి లెక్కా తప్పే. ఆ పదకొండు రోజుల్లో మేం నిజాయితీగా గడిపింది ఆ ఆరు రోజుల షికారే. సిగ్గుపడాల్సింది ఏమన్నా ఉంటే ఆ ఐదు రోజుల సేవకి.

అదేంటి, పేదవాళ్ళకి ఉచితంగా మందులిస్తే సిగ్గెందుకు అంటారా? ఆగండి, చెప్తాను.

నేను డాక్టర్ని కాను కదా, నాకు అప్పజెప్పింది ల్యాప్‌టాప్. వచ్చినవాళ్ళ పేరు, పుట్టిన సంవత్సరం, పేట, బీపీ, ఏం మందు ఇచ్చారు, ఇవన్నీ ఒక ఎక్సెల్ షీట్లో కొట్టడం. అంతకుముందు ఏడాది ఇదే ఊళ్ళో ఇదే క్యాంపు జరిగింది, అప్పుడు ఇంకెవరో కొట్టిన షీటు కూడా నా దగ్గరే ఉంది. రెంటినీ కలిపి ఒక రిపోర్టు చేసిపెట్టమన్నారు, చందాలిచ్చినవాళ్ళకి పంపడానికి. క్యాంపులో తీరిక దొరకలేదు. హ్యూ నుంచి హై వాన్ కనుమ మీదుగా డా నాంగ్ వైపు వెళ్తున్నప్పుడు, బస్సులో అందరూ కిటికీలకి అతుక్కుపోయి సముద్రాన్ని ఫొటోలు తీస్తుంటే, నేను ల్యాప్‌టాప్ తెరిచాను.

మొదట ఒక తలనొప్పి. వియత్నామీ అక్షరాల మీదా కిందా గుర్తులుంటాయి, అవి మారితే స్వరం మారుతుంది, స్వరం మారితే పేరే మారిపోతుంది. మేం ఆ గుర్తులన్నీ పీకేసి ఉత్త ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాం. పైగా ముగ్గురిలో ఒకరి ఇంటిపేరు న్గుయెన్. దాంతో నలుగురైదుగురు మనుషులు కలిసి ఒక్క మనిషైపోయారు. పేరు, పుట్టిన సంవత్సరం, పేట మూడూ పోల్చి చూస్తేగానీ ఎవరెవరో తేలలేదు. తేలాక చూస్తే, రెండేళ్ళూ వచ్చినవాళ్ళు 63 మంది. అందులో రెండేళ్ళూ బీపీ ఎక్కువున్నవాళ్ళు 38 మంది. ఆ 38 మందికీ 2024లో ముప్ఫై ఆమ్లోడిపిన్ బిళ్ళలు ఇచ్చారు. 2025లో మళ్ళీ ముప్ఫై ఇచ్చారు. బీపీ అంకెలు దాదాపు అక్కడే ఉన్నాయి. ఎందుకు ఉండవూ? ఏడాదికి 365 రోజులు, మేమిచ్చింది ముప్ఫై రోజులకి!

ఆ 38లో ఒక వరస దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. 2024లో 178/104. 2025లో 182/106. ఆ బామ్మ నాకు బాగా గుర్తుంది. మూడో రోజు నా టేబుల్ దగ్గరికొచ్చి, జేబులోంచి ఒక ఖాళీ ప్లాస్టిక్ కవరు తీసి చూపించింది. మడతపెట్టి జాగ్రత్తగా దాచుకున్న కవరు, మీద మా క్యాంపు స్టిక్కరు. ఏదో చెప్పింది. మా అనువాదకురాలు ఇంకో టేబుల్ దగ్గర బిజీగా ఉంది. నేను ఆవిడ కృతజ్ఞత చెబుతోందనుకున్నాను. నవ్వాను, ఆవిడ భుజం మీద చెయ్యేసి ఫొటో దిగాను. ఆ ఫొటోని అదే రాత్రి ఫేస్‌బుక్‌లో పెడితే రెండొందల పైచిలుకు లైకులొచ్చాయి. ఇప్పుడు బస్సులో కూర్చుని ఆ వరస చూస్తుంటే తెలిసింది, ఆవిడ థాంక్స్ చెప్పలేదు. "ఇవి ఎప్పుడో అయిపోయాయి, తర్వాతేం చెయ్యాలి?" అని అడిగింది.

ఇది చూసి నాకెందుకింత మండిందో చెప్పాలంటే మా మామ్మ సంగతి చెప్పాలి. మా ఊరు పెద్దాపురం దగ్గర. 2011 సంక్రాంతికి మా ఊళ్ళో ఎన్నారైలు కొందరు ఇలాంటి క్యాంపే పెట్టారు. షామియానా, మైకు, బ్యానరు, మజ్జిగ ప్యాకెట్లు. నేను అప్పుడు తొమ్మిదో క్లాసు, మామ్మతో లైన్లో నించున్నది నేనే. బీపీ ఉందన్నారు, నెలకి సరిపడా బిళ్ళలిచ్చారు. మామ్మ వాటిని రోజు మార్చి రోజు వేసుకుంది, ఎక్కువ రోజులొస్తాయని. అయిపోయాయి. నొప్పీ నలతా ఏం లేదు కదా, ఇక ఎవరికీ చెప్పలేదు, ఎవరం అడగలేదు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయి నాలుగేళ్ళు బతికింది. మా ఊరి ఆరోగ్య కేంద్రం ఇంటికి కిలోమీటరు దూరం. అక్కడికి నెలనెలా వెళ్ళి మందు తెచ్చుకోవాలని క్యాంపులో ఒక్కరు చెప్పి, ఒక చీటీ రాసిచ్చి ఉంటే? ఏమో, అప్పుడైనా వచ్చేదేమో. ఆ క్యాంపు పెట్టినవాళ్ళు చెడ్డవాళ్ళని నేననను. మంచివాళ్ళే. మేమూ మంచివాళ్ళమే, అదే కదా నా ఏడుపు.

మళ్ళీ వియత్నాంకి వద్దాం. మా క్యాంపు ఎక్కడ పెట్టామనుకున్నారు? ఆ ఊరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం ఆవరణలోనే! కమ్యూన్‌కి ఒక ఆరోగ్య కేంద్రం ఉండటం ఆ దేశంలో ఎప్పట్నుంచో ఉన్న ఏర్పాటు. దేశ జనాభాలో 90 శాతానికి పైగా ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉంది. అంటే ఆ బామ్మకి కావలసిన బిళ్ళ మా సూట్‌కేసులో పసిఫిక్ మహాసముద్రం దాటి రానక్కర్లేదు. మేం కుర్చీలేసుకుని కూర్చున్న గోడకి అవతలి గదిలో చూసుకోవాల్సిన విషయం. ఆ గదిలో పనిచేసే నర్సు ఆ ఐదు రోజులూ ఏం చేసిందో తెలుసా? మాకు కుర్చీలు మోసింది, టోకెన్లు పంచింది, మధ్యాహ్నం మాకు భోజనాలు చూసింది. ఆ వారం వెయ్యాల్సిన టీకాలు తర్వాతి వారానికి వాయిదా వేశారట. ఈ మాట మా అనువాదకురాలు నాకు చెప్పింది చివరి రోజు, అదీ నేను అడిగితే. మేం పోగానే మళ్ళీ ఆ 38 మందినీ చూసుకోవాల్సింది ఆ నర్సే. ఆవిడకి మేం ఒక్క కాగితం ఇవ్వలేదు.

మనవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ప్రొడక్షన్ సర్వర్ మీద కోడ్ పెట్టేసి, డాక్యుమెంటేషన్ లేకుండా, సపోర్ట్ టీముకి చెప్పకుండా, "గో లైవ్ సక్సెస్" అని పార్టీ చేసుకుని ఫ్లైటెక్కడం. ఆఫీసులో ఎవడన్నా ఇలా చేస్తే మా అన్న వాడి తాట తీస్తారు. అదే మనిషి ఇక్కడ కేకు కోశారు.

ఇంకా ఒక లెక్క. తలకి 3,400 డాలర్ల చొప్పున పద్నాలుగు మందికి 47,600. మందులకీ కళ్ళజోళ్ళకీ అయింది 2,600. మొత్తం 50 వేల చిల్లర. అంటే వంద ఖర్చయితే అందులో మందు అయిదు. మిగతా తొంభై అయిదూ మమ్మల్ని మేం మోసుకెళ్ళడానికి, తిప్పుకోవడానికి.

ఇక క్వాంగ్ ట్రి గురించి చెప్పాలి. ఉత్తర, దక్షిణ వియత్నాంలు విడిపోయి ఉన్నప్పుడు సరిహద్దు ఈ ప్రావిన్సులోని బెన్ హాయ్ నది. దేశంలోకెల్లా పేలని బాంబులు ఎక్కువ మిగిలిపోయిన చోట్లలో ఇదొకటి. యుద్ధం 1975లో ముగిసినా ఆ తర్వాత కూడా పొలాల్లో అవి పేలి వేలమంది చచ్చిపోవడమో, కాళ్ళూ చేతులూ పోగొట్టుకోవడమో జరిగింది. వాటిని వెతికి తీసే బృందాల్ని మేం దారిలో చూశాం. అంతా అక్కడి యువతీ యువకులే. విదేశీ సంస్థలు డబ్బూ, పరికరాలూ, శిక్షణా ఇస్తే ఏళ్ళ తరబడి వాళ్ళే అంగుళం అంగుళం గాలిస్తున్నారు. నా ప్రశ్నల్లా ఇదే. "ఐదు రోజులు బాంబులు తీసి, ఆపైన హోయి ఆన్ చూసొస్తాం" అని డాలస్ నుంచి ఎవరైనా వాలంటీర్లు బయల్దేరతారా? బయల్దేరరు. బయల్దేరినా అక్కడ రానివ్వరు. అది తెలిసినవాళ్ళు చెయ్యాల్సిన పని అని అందరికీ తెలుసు. మరి బీపీ దగ్గరికొచ్చేసరికి మనకెందుకంత అలుసు? పేలినప్పుడు చప్పుడు రాదనా?

సరే, ఇప్పుడు షికారు సంగతి. అదెందుకు నిజాయితీ అంటున్నానంటే, అక్కడ ఎవరి స్థానం వాళ్ళకి తెలుసు. గైడుకి తెలిసింది మాకు తెలీదు. ఆయన చెప్తాడు, మేం వింటాం, డబ్బిస్తాం. ఫో అమ్మే ఆవిడ గిన్నె ఇస్తుంది, మేం తిని డబ్బిస్తాం. క్యాంపులో చేతులు కట్టుకుని లైన్లో నించున్న దేశం ఇక్కడ మమ్మల్ని కూర్చోబెట్టి వడ్డిస్తోంది. అదే మనుషులు, అదే దేశం, మధ్యలో ఒక్క కనుమ దాటామంతే.

ఇక్కడ కూడా మావాళ్ళు ఊరుకుంటేనా! హోయి ఆన్‌లో ఒక లాంతర్ల కొట్టు. ముందురోజు దాకా ఉచితంగా మందులు పంచిన చేతులే, ఒక లాంతరు దగ్గర 50 వేల డాంగ్‌లు తగ్గించమని పావుగంట బేరమాడాయి. 50 వేల డాంగ్‌లంటే రెండు డాలర్లు. బేరమాడటం తప్పని కాదు, నేనూ ఆడతాను. కానీ ఆ కొట్టావిడ కష్టపడి చేసినదానికి రెండు డాలర్లు ఇవ్వడానికి చెయ్యి రానివాళ్ళకి, ఆవిడ లైన్లో నించుంటే మాత్రం దానం చెయ్యబుద్ధేస్తుంది. ఎందుకంటే లైన్లో నించున్నప్పుడు పైచెయ్యి మనది.

అదే హోయి ఆన్‌లో ఒకాయన విగ్రహం ఉంది. కాజిమీర్ క్వియట్కోవ్‌స్కీ, పోలండ్ దేశపు ఆర్కిటెక్టు, అక్కడివాళ్ళకి కాజిక్. 1981లో వచ్చాడు. మీ సోన్ గుళ్ళు నిలబెట్టడానికి పనిచేశాడు, హోయి ఆన్ పాత ఊరిని కాపాడాలని పట్టుబట్టాడు, 1997లో హ్యూలోనే పోయాడు. మర్నాడు మేం మీ సోన్ చూశాం. చంపా రాజులు 4వ శతాబ్దం నుంచి కట్టుకుంటూ వచ్చిన గుళ్ళు, భద్రేశ్వరుడి పేరుతో శివుడు. 1969 ఆగస్టులో అమెరికా బాంబు దాడిలో అందులో ముఖ్యమైన ఎ1 ఆలయం కూలిపోయింది. 2017 నుంచి 2022 దాకా మన భారత పురావస్తు శాఖవాళ్ళు ఇక్కడ మూడు ఆలయ సముదాయాలు బాగుచేశారు, 2020లో ఆ పనిలోనే 9వ శతాబ్దపు ఇసుకరాతి శివలింగం ఒకటి బయటపడింది. పని తెలిసినవాళ్ళు వచ్చారు, అక్కడి కూలీలతో, నిపుణులతో కలిసి ఏళ్ళ తరబడి చేశారు, అప్పజెప్పి వెళ్ళారు. బయటి దేశంవాళ్ళు అసలు రాకూడదని నేననట్లేదు మహాప్రభో. వస్తే ఇలా రావాలంటున్నాను.

మా గుంపులో ఒక పెద్దాయన ఉన్నాడు, 76 ఏళ్ళు. 1969లో డా నాంగ్‌లో సైనికుడిగా ఉన్నాడట. ట్రిప్పు అంతా పెద్దగా మాట్లాడలేదు. ఎ1 దగ్గర ఇటుకల గుట్ట ముందు మాత్రం చాలాసేపు నించున్నాడు. సైగాన్‌లో వార్ రెమ్నెంట్స్ మ్యూజియం చూశాం. 1975లో తెరిచింది. ఒక అంతస్తులో ఆ యుద్ధంలో చనిపోయిన ఫొటోగ్రాఫర్లు తీసిన చిత్రాలు, రెండు వైపులవాళ్ళవీ. ఇంకో గదిలో ఏజెంట్ ఆరెంజ్. 1961 నుంచి 1971 దాకా 7 కోట్ల లీటర్లకు పైగా కలుపుమందులు ఆ దేశం మీద చల్లారు. మేం దిగిన డా నాంగ్ విమానాశ్రయంలోనే ఆ పీపాలు నిలవ చేసేవాళ్ళు. అక్కడి మట్టిలో దిగిన డయాక్సిన్ పోగొట్టడానికి 2012 నుంచి 2018 దాకా పట్టింది, ఖర్చు 11 కోట్ల డాలర్ల దాకా. బియెన్ హోవా దగ్గర అంతకన్నా పెద్ద పని ఇంకా ఉంది. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేసినప్పుడు, తవ్విన మట్టి తవ్వినట్టుండగానే అది ఆగిపోయింది, తర్వాత మళ్ళీ మొదలైంది. ఆ గదిలోంచి బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఆ పెద్దాయన నాతో అన్నాడు, "మొదటిసారి వచ్చినప్పుడు కూడా మాకు అదే చెప్పారు, సాయం చెయ్యడానికి వెళ్తున్నారని."

నాకు ఏమనాలో తోచలేదు. యుద్ధానికీ మా క్యాంపుకీ పోలికేంటని మీరడగొచ్చు. పోలిక లేదు. కానీ ఎదుటివాడికి ఏం కావాలో వాడి గోడ అవతలే కూర్చున్న నర్సుని కూడా అడక్కుండా మనమే తేల్చేసే అలవాటు ఉంది చూశారూ, అది మాత్రం పాతదే.

కు చి సొరంగాల దగ్గర అన్నతో తగువు పడ్డాను. అక్కడ టూరిస్టులకి ఉడకబెట్టిన కర్రపెండలం పెడతారు, వేరుశనగ పొడి అద్దుకుని తినాలి. యుద్ధంలో సొరంగాల్లోని జనం తిన్న తిండి. మా పెద్దాపురం వైపువాడికి కర్రపెండలం కొత్తేముంది, లాగించేస్తూ షీటు సంగతి చెప్పాను. పక్కనేమో డబ్బు కట్టి ఏకే-47 పేల్చుకునే మైదానం, ఢాం ఢాం చప్పుళ్ళు.

"తమ్ముడూ, అసలేం చెయ్యనివాళ్ళ కన్నా నయం కాదా?" అన్నారు అన్న.

కాదన్నాను. ఏం చెయ్యనివాడు ఆ నర్సు వారం రోజులు పాడుచెయ్యలేదు. ఏం చెయ్యనివాడు ఆ బామ్మకి "నీకు వైద్యం అందింది" అనే భ్రమ కలిగించలేదు.

"మన మనసులు మారతాయి కదా, దాని విలువ లేదా?"

ఉంది. అయితే అది మనకి జరిగిన మేలు. దాన్ని చదువు అనండి, ఫీజు కట్టి నేర్చుకుందాం. నేర్పినవాళ్ళకి మనమే దానం చేశామని రిపోర్టు రాసుకోవడమేంటి? 

"మనం వెళ్ళకపోతే ఆ డబ్బు కూడా పోగవదు, ఫొటో లేకపోతే ఎవడిస్తాడు?"

ఇదొక్కటే నిజమైన వాదన, ఒప్పుకుంటాను. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఉన్నదల్లా సిగ్గే.

తిరిగొచ్చాక నేను రెండు అడిగాను. ఒకటి, ఆ 38 మంది జాబితా, గుర్తులతో సహా సరైన పేర్లతో, ఆ ఆరోగ్య కేంద్రానికి పంపుదాం. దీనికి ఒప్పుకున్నారు. మా అనువాదకురాలు పేర్లన్నీ సరిచేసి ఇచ్చింది. నర్సు నుంచి వారంలో జవాబొచ్చింది, పందొమ్మిది మంది అప్పటికే తన దగ్గర నెలనెలా మందు తీసుకుంటున్నారట. మేం వాళ్ళకి రెండోసారి అదే మందు ఇచ్చామన్నమాట, అడక్కుండా! మిగతా పందొమ్మిది మంది ఇళ్ళకీ తను వెళ్తానంది. ఆ బామ్మ ఈ రెండో జాబితాలో ఉంది.

రెండోది, ఒక్క ఏడాది మనం వెళ్ళడం మానేసి, ఆ 50 వేలలో సగమైనా ఆ ఆరోగ్య కేంద్రానికి ఏం కావాలో అడిగి ఇద్దాం. దీనికి జూమ్ మీటింగులో చేతులెత్తమన్నారు. పద్నాలుగు మందిలో ఎత్తింది ఇద్దరం. నేను, ఆ 76 ఏళ్ళ పెద్దాయన. మిగతావాళ్ళ మొహాల్లో కోపం కూడా లేదు, పండగ వద్దన్నవాణ్ణి చూసినట్టు చూశారు.

ఈ సంక్రాంతికో, క్రిస్మస్ సెలవులకో మీ ఊళ్ళో క్యాంపు పెట్టే ఆలోచన మీకుంటే, బాబ్బాబు, షామియానా బుక్ చేసే ముందు అక్కడి ఆరోగ్య కేంద్రానికి ఒక్క ఫోన్ చెయ్యండి. ఏం కావాలో అడగండి. "బిళ్ళలొద్దు, ఫ్రిజ్ పాడైంది" అంటే ఫ్రిజ్ కొనివ్వండి. ఫొటోలో ఫ్రిజ్ అంత బాగా పడదు, తెలుసు. మనుషుల్ని చూడాలనుంటే చూడండి, ఊరు తిరగాలనుంటే తిరగండి, దాన్ని షికారనే పిలవండి. తప్పేం లేదు.

నేను వియత్నాంకి మళ్ళీ వెళ్తాను. టూరిస్టుగానే వెళ్తాను, నా డబ్బుతో, ఏ టీషర్టూ లేకుండా. ఆ బామ్మతో దిగిన ఫొటో మాత్రం తీసేశాను.